ఇంటి గోడకి సర్వర్ ర్యాక్: థర్మామీటర్‌తో మొదలుపెట్టండి

సర్వర్ ర్యాక్ అంటే రౌటర్, ఇంటి ఫొటోలు దాచే చిన్న కంప్యూటర్ (అదే సర్వర్), గదుల నుంచి వచ్చే నెట్ కేబుళ్లు అన్నీ ఒకచోట పెట్టే ఇనప పెట్టె. దాన్ని కొనకముందు రెండొందల రూపాయలు పెట్టి డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనండి. నేను మొదట చేసిన పని అదే. మాది విజయవాడ పటమటలో రెండంతస్తుల ఇల్లు. మే నెలలో వారం రోజులు ఆ థర్మామీటర్‌ని రోజుకో చోట పెట్టి, మధ్యాహ్నం 3 గంటలకి అంకె రాసుకున్నాను. ఇలాంటి సామాను ఎక్కడ పెట్టాలంటే ఎవరైనా ముందు చూపించేది అటక. కంటికి కనపడదు, వైర్లు దాక్కుంటాయి. మా అటక మీద 44 వచ్చింది. పైన మెట్ల గదిలో, స్లాబు కింద 46. వంటింటి పక్క సామాన్ల గదిలో 41. కింది హాల్లో మెట్లు మొదలయ్యే చోట, ఉత్తరం గోడ దగ్గర 34.

ఇంట్లో వాడే రౌటర్లు, ఓఎన్‌టీల (ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టెలు) మాన్యువల్ తిరగేస్తే చాలావాటికి పని చేసే ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీలని ఉంటుంది. గది 34 ఉంటే తలుపు వేసిన ర్యాక్ లోపల ఇంకో నాలుగైదు డిగ్రీలు పెరుగుతుంది. అంటే ఆ ఉత్తరం గోడ ఒక్కటే మాకు పనికొచ్చింది. మీ ఇంట్లో అలాంటి గోడ ఏదో తేల్చుకున్నాకే మిగతా ఖర్చు గురించి ఆలోచించండి. అది హాల్లో వచ్చే అతిథులకి కనిపించే గోడే అయినా సరే. మా అత్తయ్య మొదట "హాల్లో ఇనప బీరువా వేలాడదీస్తావా అమ్మాయ్?" అన్నారు. నేను రాసుకున్న అంకెలు చూపించాను. ఆవిడ నలభై ఏళ్లుగా ఈ ఇంటి వేడి ఎరిగిన మనిషి. మారు మాట్లాడలేదు.

ఇక ఎత్తు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా పిన్ని వాళ్ల ఇంట్లోకి నడుము దాకా నీళ్లొచ్చాయి. కంప్యూటర్ బల్ల కింద నేల మీద ఉంది, ఫొటోలున్న హార్డ్ డిస్కు బల్ల సొరుగులో ఉంది. ఇన్వర్టర్ బ్యాటరీ కొత్తది కొనుక్కున్నారు. బాబాయ్ పెళ్లి ఫొటోలు, పిల్లల చిన్నప్పటివి మాత్రం మళ్లీ రాలేదు. నేను ఈ ర్యాక్ పెట్టడానికి అదే కారణం. ఆఫీసు పని ఇంటి నుంచే చేస్తాను కాబట్టి నాకూ అవసరమే కానీ, ఆ డిస్కు గురించి పిన్ని అడిగిన రోజే నిర్ణయం అయిపోయింది. మా ర్యాక్ అడుగు భాగం నేల నుంచి ఐదడుగుల ఎత్తులో ఉంది. అంతకంటే పైకి వెళ్తే అత్తయ్యకి స్విచ్ అందదు.

ర్యాక్ కొలతలు

ర్యాక్‌లో బిగించే సామాను వెడల్పు 19 అంగుళాలు, దాదాపు ప్రపంచమంతా ఒకటే. ఎత్తుని 'యూ'లలో కొలుస్తారు. ఒక యూ అంటే 1.75 అంగుళాలు, అంటే 44.45 మిల్లీమీటర్లు. మన దగ్గర గోడకి తగిలించేవి 4యూ, 6యూ, 9యూ, 12యూ సైజుల్లో దొరుకుతాయి. 6యూ చాలనిపిస్తుంది, చాలదు. సామాన్ల మధ్య గాలికి ఖాళీ వదలాలి, అడాప్టర్లకి చోటు కావాలి. ఇల్లు చిన్నదైనా 9యూ తీసుకోండి.

లోతు దగ్గర చాలామంది పొరపాటు పడతారు. 400 మిల్లీమీటర్ల లోతు ర్యాక్ చౌకగా వస్తుంది, చూడ్డానికి చక్కగా ఉంటుంది. కానీ దానిలో సామాను వెనక కరెంటు ప్లగ్గు, కేబుల్ వంపు తిరగడానికి కనీసం 8 సెంటీమీటర్లు పోతాయి. 550 లేదా 600 తీసుకోండి. నాది 9యూ, 550 లోతు, గవర్నర్‌పేటలో కొన్నాను. కొనేటప్పుడు రెండు చూడండి. పక్క తలుపులు తీయడానికి వస్తాయా? పైన ఫ్యాన్లకి రంధ్రాలు కోసి ఉన్నాయా? పక్క తలుపులు రాకపోతే తర్వాత ప్రతి చిన్న పనికీ చెయ్యి దూరక అవస్థ పడతారు. ఎం6 స్క్రూలు, కేజ్ నట్లు (ర్యాక్ చట్రం రంధ్రాల్లో కూర్చునే చదరపు నట్లు) ఇరవై సెట్లు ఎక్కువ అడిగి తెచ్చుకోండి.

గోడ ఏ రకమో కూడా తెలియాలి. ఎర్ర ఇటుక గోడకి యాంకర్ బోల్టులు నాలుగు బాగా పట్టుకుంటాయి. ఈ మధ్య అపార్ట్‌మెంట్లలో వాడే తేలికపాటి ఏఏసీ దిమ్మెలకి ఆ బోల్టు బిగించే కొద్దీ లోపల పొడి అయిపోయి వదులవుతుంది. అలాంటి గోడకి అటు నుంచి ఇటు పోయే పొడుగు బోల్టు వేసి, వెనక ఇనప పట్టీ పెట్టి బిగించాలి. లేదా ఆ దిమ్మెలకే చేసిన ప్రత్యేక యాంకర్లు వాడాలి. బిగించాక మీ బరువులో సగం వేసి కిందికి లాగి చూడండి. కాస్త కదిలినా మళ్లీ చేయించండి.

కరెంటు, ఎర్తు

ఎక్కువ సమయం దీనికే కేటాయించండి. నాకు ర్యాక్ బిగించడానికి ఒక పూట, కరెంటు సరిచేయడానికి మూడు రోజులు పట్టింది.

ర్యాక్ ఇనపది. అందులో పెట్టే చాలా కరెంటు సామాన్ల లోపల చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అవి కొద్దిపాటి కరెంటుని ఎర్తులోకి వదులుతుంటాయి. ఎర్తు సరిగ్గా ఉంటే ఆ సంగతి మనకి తెలియనే తెలియదు. ఎర్తు తెగి ఉంటే ఆ కరెంటుకి పోయే దారి లేక ర్యాక్ ఒంటి మీదే ఉంటుంది. చెప్పుల్లేకుండా నిలబడి ముట్టుకుంటే వేలు జివ్వుమంటుంది. పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది కానీ ఎర్తు కోసం ఉన్న పై రంధ్రానికి వెనక వైరే ఉండదు. మా ఇంట్లోనూ అంతే. మాకు పనిచేసే ఎలక్ట్రీషియన్ గారు సాకెట్ విప్పి చూపిస్తే గానీ నమ్మలేదు.

మల్టీమీటర్‌తో కొలిపించండి. ఫేజుకి, న్యూట్రల్‌కి మధ్య 230 దరిదాపుల్లో ఉండాలి. ఫేజుకి, ఎర్తుకి మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కి, ఎర్తుకి మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. మాకు మొదట 38 వచ్చింది. పెరట్లో ఎర్తు గుంత ఎండిపోయి, రాగి తీగ చిలుము పట్టి ఉంది. ఉప్పు, బొగ్గు పోసి, తీగ మార్చి, రెండు బిందెల నీళ్లు పోశాక 1.5కి దిగింది. ఇప్పుడు వేసవిలో ఆదివారం ఆదివారం తులసి కోటకి నీళ్లు పోసేటప్పుడే ఆ గుంతకీ ఒక బిందె పోస్తాం. ర్యాక్ ఒంటికి కూడా విడిగా ఒక పచ్చ వైరు బిగించి ఆ ఎర్తుకే కలపండి. రంగు గీకి, ఇనుము తగిలేలా బిగించాలి. ఈ పని తెలిసినవాళ్ల చేతే చేయించండి.

ఇన్వర్టర్ ఉంది కదా అనుకుంటాం. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ లైను ఫ్యాన్లకి, లైట్లకి మాత్రమే వెళ్తుంది, సాకెట్లకి వెళ్లదు. ర్యాక్ దగ్గరికి ఆ లైను విడిగా లాగించండి. ఇన్వర్టర్ వెనక లేదా ముందు 'యూపీఎస్ మోడ్' అని మీట ఉంటే అందులో పెట్టండి. కరెంటు పోయినప్పుడు మారే సమయం తగ్గుతుంది. అయినా నేను ఇన్వర్టర్‌కి, ర్యాక్‌కి మధ్య 600 వీఏ యూపీఎస్ చిన్నది పెట్టాను. ఇక్కడొక చిక్కుంది. మీది సైన్ వేవ్ కాకుండా స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే, కొన్ని యూపీఎస్‌లు అది ఇచ్చే కరెంటుని ఒప్పుకోవు. లైను వచ్చినా తమ బ్యాటరీ మీదే నడిచి పావుగంటలో ఆగిపోతాయి. కొనేముందు ఇన్వర్టర్ ఏ రకమో చూసుకోండి.

యూపీఎస్‌ని గోడ ర్యాక్‌లో పెట్టకండి. అది బరువు, పైగా దానిలోని బ్యాటరీకి వేడి పడదు. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకీ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు సగానికి సగం పడిపోతుంది. మాది ర్యాక్ పక్కన విడిగా చిన్న చెక్క అర మీద ఉంటుంది, అదీ ఎత్తులోనే. దాని యూఎస్‌బీ వైరు మాత్రం సర్వర్‌కి వెళ్తుంది. నట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ బ్యాటరీని గమనిస్తూ, 30 శాతానికి రాగానే సర్వర్‌ని పద్ధతిగా మూసేస్తుంది. కరెంటు తిరిగొచ్చినప్పుడు దానంతటదే లేవాలంటే బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అవగానే తెరవగలిగే మూల సెట్టింగుల్లోకి) వెళ్లి, కరెంటు పోయి వచ్చాక ఏం చేయాలన్న సెట్టింగ్‌ని 'ఆన్' చేయాలి. ఈ ఒక్కటి మర్చిపోతే ఊరికి వెళ్లినప్పుడల్లా టెన్షనే.

కేబుల్

గదుల నుంచి ర్యాక్ దాకా వచ్చే నెట్‌వర్క్ కేబుల్ క్యాట్ 6 రకం వేయండి. 305 మీటర్ల డబ్బాగా వస్తుంది. మాకు కెమెరాలు నాలుగు, వైఫై యాక్సెస్ పాయింట్లు (వైఫైని గదుల్లోకి పంపే పెట్టెలు) రెండు, టీవీ ఒకటి, నా బల్ల దగ్గర రెండు, మామయ్య గారి గదిలో ఒకటి, మొత్తం పది లాగాం. డబ్బాలో సగానికి పైగా అయిపోయింది.

కొనేటప్పుడు పూర్తి రాగి అవునో కాదో చూడండి. అల్యూమినియం తీగ మీద రాగి పూత పూసి, అదే రంగు డబ్బాలో సగం ధరకి అమ్ముతారు. నేనూ మొదట ఒక దుకాణంలో అదే తెచ్చుకున్నాను. పోర్టికో కెమెరా రోజూ సాయంత్రం ఆరున్నరకి ఆగి, లేచి, మళ్లీ ఆగేది. పగలంతా బాగానే ఉండేది. పది రోజులు కెమెరాని, కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్ పెట్టెని అనుమానించాను. అసలు సంగతి ఏమిటంటే కెమెరాకి కరెంటు కూడా ఈ కేబుల్‌లోనే వెళ్తుంది. చీకటి పడగానే కెమెరాలో రాత్రి దీపాలు వెలుగుతాయి, ఎక్కువ కరెంటు లాగుతుంది. 35 మీటర్ల అల్యూమినియం తీగలో వోల్టేజీ పడిపోయి కెమెరా రీస్టార్ట్ అవుతోంది. బ్లేడుతో తీగ కొస గీకి చూస్తే లోపల వెండి రంగు కనిపించింది. కొనే చోటే ఇలా గీకి చూడండి. లోపల కూడా ఎర్రగా ఉంటేనే డబ్బులివ్వండి.

కరెంటు వైర్ల గొట్టంలో ఈ కేబుల్ తోయకండి. పక్కపక్కనే పోవాల్సి వస్తే అడుగు దూరం ఉంచండి. దాటాల్సి వస్తే ప్లస్ గుర్తులా అడ్డంగా ఒకచోట దాటించండి. ఇల్లు కడుతున్నవాళ్లు ప్రతి గది నుంచీ ర్యాక్ గోడకి ఒక 25 మిల్లీమీటర్ల ఖాళీ పైపు వేయించి, తర్వాత కేబుల్ లాగడానికి లోపల జీఐ వైరు వదిలిపెట్టించండి. ప్లాస్టరింగ్ అయ్యాక అదే పనికి పది రెట్లు ఖర్చవుతుంది.

కేబుల్‌కి గది గోడ వైపు ఐఓ బాక్సు (నెట్ సాకెట్), ర్యాక్ వైపు ప్యాచ్ ప్యానెల్ (అన్ని కేబుళ్ల కొసలూ వరుసగా చేరే సాకెట్ల పట్టీ). రెండు చోట్లా పంచింగ్ టూల్‌తో తీగలు కూర్చోబెట్టాలి. రంగుల వరుస రెండు చోట్లా ఒకటే ఉంటే చాలు. అందరూ వాడే 'బీ' వరుస ఇది: తెలుపు నారింజ, నారింజ, తెలుపు పచ్చ, నీలం, తెలుపు నీలం, పచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. జతల మెలిక చివరిదాకా ఉంచండి, అర అంగుళం కంటే ఎక్కువ విప్పకండి. ర్యాక్ దగ్గర ప్రతి కేబుల్‌కీ ఒక మీటరు అదనంగా వదిలి, వదులుగా చుట్టి, వెల్క్రో పట్టీతో కట్టండి. జిప్ టై వేసి బిగిస్తే లోపలి జతలు నలుగుతాయి.

ఫైబర్ తీగ ఇంకా సున్నితం. గుండ్రంగా చుట్టాలి, మడత పడకూడదు. చివరనున్న పచ్చ రంగు కనెక్టర్‌ని విప్పి కొస మీద వేలు పెట్టకండి, దానిలోకి కన్ను పెట్టి చూడకండి. ఆ తీగని పాత చోటి నుంచి ర్యాక్ దగ్గరికి జరపడానికి కనెక్షన్ ఇచ్చినవాళ్లనే పిలవండి.

ర్యాక్ లోపల

పై నుంచి నా వరుస: మొదటి యూలో 24 పోర్టుల ప్యాచ్ ప్యానెల్. రెండులో కేబుల్ మేనేజర్. మూడులో పీఓఈ స్విచ్, అంటే నెట్ కేబుల్‌లోనే కరెంటు కూడా పంపే స్విచ్. నాలుగు ఖాళీ. ఐదు, ఆరు కలిపి ఒక అర, దాని మీద ఓఎన్‌టీ, రౌటర్. ఏడు, ఎనిమిది ఇంకో అర, దాని మీద సర్వర్, ఒక హార్డ్ డిస్కు. తొమ్మిదిలో ప్లగ్గుల పట్టీ. రౌటర్ వైఫైని నేను ఆపేశాను. ఇనప పెట్టెలో నుంచి వైఫై బయటికి సరిగ్గా రాదు. స్లాబు దాటి పై అంతస్తుకి అసలే రాదు. అందుకే అంతస్తుకో యాక్సెస్ పాయింట్ సీలింగ్‌కి పెట్టాం.

పీఓఈ స్విచ్ కొనేటప్పుడు పోర్టుల సంఖ్యతో పాటు మొత్తం ఎన్ని వాట్లు ఇవ్వగలదో చూడండి. మామూలు 'ఏఎఫ్' రకం పోర్టు 15.4 వాట్లు, 'ఏటీ' రకం 30 వాట్లు ఇస్తుంది. కానీ అన్ని పోర్టులకీ ఒకేసారి అంత ఇవ్వగలిగే స్విచ్‌లు తక్కువ.

పైన రెండు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు గాలిని బయటికి లాగుతాయి. కింద గాలి లోపలికొచ్చే చోట దోమల జాలీ ముక్క అంటించాను. వైర్లు దూరే రంధ్రం చుట్టూ స్పాంజి కుక్కాను. ఇవి దుమ్ము కోసం మాత్రమే అనుకోకండి. బల్లి వెచ్చదనానికి వచ్చి సర్క్యూట్ బోర్డు మీద పడిందంటే బల్లీ పోతుంది, బోర్డూ పోతుంది. చీమలు అడాప్టర్లలో గూడు పెడతాయి. మూడు నెలలకోసారి జాలీ విప్పి కడగండి.

సర్వర్ అంటే పెద్ద మిషన్ అక్కర్లేదు. మా అక్కని చూడ్డానికి సికింద్రాబాద్ వెళ్లినప్పుడు పార్క్‌లేన్‌లోని సీటీసీలో (కంప్యూటర్ దుకాణాల సముదాయం) సెకండ్ హ్యాండ్ డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో తీసుకున్నాను. ఎనిమిదో తరం ఐ5, 16 జీబీ ర్యామ్. పుస్తకమంత ఉంటుంది. ఇంటికొచ్చాక లోపల దుమ్ము ఊది, థర్మల్ పేస్ట్, బటన్ బ్యాటరీ మార్చాను. కంపెనీలు పక్కన పెట్టే పెద్ద ర్యాక్ సర్వర్లు చౌకగా కనిపిస్తాయి. హాల్లో వాటి ఫ్యాన్ల హోరు భరించలేరు. పైగా మన లోతులో పట్టవు. కరెంటు వాడకం కూడా కొలవండి. మాది మొత్తం ర్యాక్ పగలు 41 వాట్లు, రాత్రి కెమెరాల దీపాలతో 52. సగటు 46 అనుకుంటే నెలకి 33 యూనిట్లు.

సాఫ్ట్‌వేర్ గురించి ఎవరి ఇష్టం వారిది, త్వరగా చెప్పేస్తాను. నేను ఒకే కంప్యూటర్‌ని కొన్ని విడి కంప్యూటర్లలా నడిపే ప్రాక్స్‌మాక్స్ వేసి, దాని మీద ఫొటోలకి ఇమ్మిచ్, కెమెరాలకి ఫ్రిగేట్, ప్రకటనలు ఆపడానికి యాడ్‌గార్డ్ హోమ్ నడుపుతున్నాను. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. ఇంటి నెట్‌వర్క్‌లోని సామాన్లకి 192.168.1 తో మొదలయ్యే అడ్రసుల వరుస ఇవ్వకండి. సగం ఇళ్లలో అదే ఉంటుంది. రేపు అక్క ఇంట్లో కూర్చుని వీపీఎన్‌లో (ఇంటర్నెట్ మీదుగా మన నెట్‌వర్క్‌లోకి వచ్చే రహస్య దారి) మన ఇంటికి రావాలంటే రెండు చోట్లా ఒకే అడ్రసులై దారి తప్పుతుంది. నాది 192.168.47. కెమెరాలకి వేరే వీలాన్ (అదే స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్), వాటికి ఇంటర్నెట్ లేదు. బయటి నుంచి చూసుకోవడానికి రౌటర్‌లో పోర్టులు తెరవకండి. రౌటర్ వ్యాన్ అడ్రసు (బయటి ఇంటర్నెట్ వైపు అడ్రసు) 100.64 నుంచి 100.127 మధ్య ఉందంటే, తెరిచినా పని చేయదు. ఆ అడ్రసు మీ ఒక్కరిదీ కాదు, సర్వీసు వాళ్లు చాలామందికి కలిపి ఇచ్చింది. టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ వేసుకుంటే, సొంత అడ్రసున్న ఇంట్లోనూ ఇలా కలిపి ఇచ్చిన ఇంట్లోనూ దారి దొరుకుతుంది.

ఫొటోల రెండో కాపీ

ర్యాక్‌లో రెండు డిస్కులు పెట్టి ఒకే ఫొటో రెండింట్లో రాయిస్తే భద్రం అనుకోకండి. ఒక డిస్కు పాడైతే అది కాపాడుతుంది. పిడుగు పడితే, దొంగ ఎత్తుకెళితే, నీళ్లొస్తే, మీరే పొరపాటున తుడిచేస్తే రెండూ పోతాయి. మూడు కాపీలు, రెండు రకాల సామాను మీద, ఒకటి వేరే ఊళ్లో. మాకు మొదటిది సర్వర్‌లోనే ఉంది. రెండోది అత్తయ్య బీరువాలో పెట్టే యూఎస్‌బీ డిస్కు, నెలకోసారి తీసి నింపుతాను. మూడోది సికింద్రాబాద్‌లో అక్క ఇంట్లో, ఆమె రౌటర్ పక్కన చిన్న పెట్టె. రాత్రి 2 గంటలకి రెస్టిక్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఇక్కడి నుంచి తాళం వేసిన కాపీ అక్కడికి పంపుతుంది. తాళం అంటే పాస్‌వర్డ్. అది సర్వర్‌లో మాత్రమే ఉంటే సర్వర్‌తో పాటే పోతుంది. కాగితం మీద రాసి ఇద్దరి దగ్గరా ఉంచాం.

మూడు నెలలకోసారి అక్క దగ్గరున్న కాపీ నుంచి ఏదో ఒక నెల ఫొటోలు వెనక్కి తెచ్చి తెరిచి చూస్తాను. తెరుచుకున్న కాపీనే నేను కాపీగా లెక్కపెడతాను. ఇప్పుడు పిన్ని ఫోన్ ఫొటోలు కూడా ఈ ర్యాక్‌కే వస్తాయి. బంధువుల దగ్గర దొరికిన పెళ్లి ఫొటోలు పదకొండు స్కాన్ చేసి అందులోనే పెట్టాను.

తలుపు లోపలి కాగితం

అన్నీ అయ్యాక లేబుళ్లు తెలుగులో వేయండి. ప్యాచ్ ప్యానెల్ మీద 'పోర్టికో కెమెరా', 'మామయ్య గది', 'పై హాలు వైఫై' అని రాశాను. నేను ఊళ్లో లేనప్పుడు నెట్ ఆగితే ర్యాక్ తలుపు తీయాల్సింది అత్తయ్యే. తలుపు లోపల లామినేట్ చేసిన కాగితం ఒకటి అంటించాను. దాన్ని ఆవిడ చేత రెండుసార్లు చదివించి, ఆవిడకి అర్థం కాని మాటలు కొట్టేసి మళ్లీ రాశాను. అది ఇలా ఉంటుంది:

నెట్ రాకపోతే, పైనున్న తెల్ల పెట్టె మీద ఎర్ర దీపం ఉందేమో చూడండి. ఎర్ర దీపం ఉంటే తప్పు బయట ఉంది, కనెక్షన్ వాళ్లకి ఫోన్ చేయండి.

ఎర్ర దీపం లేకపోతే పసుపు చీటీ ఉన్న ప్లగ్గు స్విచ్ ఆపి, వంద లెక్కపెట్టి, మళ్లీ వేయండి. ఎర్ర చీటీ ఉన్న ప్లగ్గు ముట్టుకోవద్దు.

ఉరుములు బాగా ఉంటే ఏమీ తీయకండి, ర్యాక్ దగ్గరికి వెళ్లకండి.

కాలిన వాసన వస్తే తలుపు తెరవకండి, మెట్ల పక్కనున్న మెయిన్ స్విచ్ దించి, ఇన్వర్టర్, యూపీఎస్ కూడా ఆపేయండి.

నీళ్లొచ్చేలా ఉంటే మెయిన్ స్విచ్ దించి మామయ్య గారిని తీసుకుని పైకి వెళ్లండి. కింద అప్పటికే నీళ్లున్నాయంటే ఆ స్విచ్‌నీ ముట్టుకోకండి. ఈ పెట్టె సంగతి వదిలేయండి. ఫొటోలు అక్క దగ్గర ఉన్నాయి.